పాత కోచ్‌ని మార్చాలా? ఓటుకి చేతులెత్తించే ముందు చూడాల్సినవి

విజయనగరం, శ్రీకాకుళం వైపు చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో కోచ్, మేనేజర్ తరచూ ఒక్కరే ఉంటారు. ప్రాక్టీసు పెట్టేదీ, టోర్నమెంటుకి ఎంట్రీ కట్టేదీ, పలాస వెళ్లాలంటే బండి మాట్లాడేదీ, పిల్లల తల్లిదండ్రులకి సర్దిచెప్పేదీ ఆయనే. వరసగా నాలుగు మ్యాచ్‌లు పోతే చాలు, కమిటీలో "మాస్టారిని మార్చేద్దాం" అన్న మాట లేస్తుంది. ఆ వేడిలో ఓటింగు పెట్టకండి. ముందు కోచ్ పనినీ, మేనేజర్ పనినీ విడదీసి చూడండి. చాలాసార్లు చెడింది అందులో ఒకటే.

గత రెండు సీజన్ల మ్యాచ్‌లు తీసి, మనకి పడిన ప్రతి గోల్‌కీ రెండు విషయాలు రాయండి: ఏ నిమిషంలో పడింది, ఎలా పడింది. 70వ నిమిషం దాటాకే ఎక్కువ పడుతుంటే ఒంట్లో దమ్ము చాలడం లేదు, లేదా సబ్‌స్టిట్యూట్లని ఆలస్యంగా దింపుతున్నారు. కార్నర్లు, ఫ్రీకిక్‌ల మీదే పడుతుంటే ప్రాక్టీసులో వాటికి చోటు లేదన్నమాట. ఇవి ఆయనకి చెప్పి సరిచేయించుకోగల లోపాలే. అలాకాకుండా, గోల్ మీదకి షాట్లు మనవే ఎక్కువ ఉండీ ఓడిపోతుంటే కోచ్‌ని తప్పుపట్టడం తొందరపాటు. అలాంటి జట్టు ఎవరున్నా కాస్త కోలుకుంటుంది; ఆ పేరు కొత్తాయనకి పోతుంది.

తర్వాత రెండు వారాలు చెప్పకుండా వెళ్లి ప్రాక్టీసు చూడండి. తొంభై నిమిషాల్లో ఒక్కో కుర్రాడి కాలికి బంతి ఎంతసేపు తగులుతోంది? మొదటి అరగంట గ్రౌండు చుట్టూ రౌండ్లే అయితే, మిగతా గంటలో ఇరవైమంది వరసలో నిలబడి ఒక్కొక్కరే షాట్ కొడుతుంటే, పద్ధతి పాతబడిందని అర్థం. ఇద్దరికో బంతి ఉండాలి. సంచిలో నాలుగే బంతులుండి, అందులో రెండింటికి గాలి లేకపోతే మాత్రం ఆ తప్పు కమిటీది, మాస్టారిది కాదు.

ఇంకొకటి, నా లెక్కలో అసలైనది ఇదే: మూడేళ్లలో అండర్-17 నుంచి సీనియర్ జట్టులోకి ఎంతమంది వచ్చారు? పాత కోచ్‌లకి తాము పెంచిన ఆటగాళ్ల మీద మమకారం పోదు. ఒక్కరూ రాకపోతే మార్పు గురించి గట్టిగా ఆలోచించాల్సిందే.

ఒకే జట్టు దగ్గర ఏళ్లు ఎక్కువయ్యాయన్నది మాత్రం కారణం కాదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబే 1962లో జకార్తాలోనూ తెచ్చారు. ఓపికా కావాలి: 1986లో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి కోచ్‌గా వచ్చిన ఫెర్గూసన్‌కి 1990 దాకా ఒక్క కప్పూ రాలేదు. ఆయన 2013లో తప్పుకున్నాక ఆరేళ్ల ఒప్పందంతో వచ్చిన మోయెస్‌ని ఏడాది తిరక్కుండానే పంపేశారు. అటు మరో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌ని 2003-04 లీగ్‌లో ఓటమి లేకుండా గెలిపించిన వెంగర్, చివరి రెండు సీజన్లలో అయిదు, ఆరు స్థానాలకి దిగజారాకే 2018లో వెళ్లారు.

డబ్బు లెక్కల్లో మోసం తేలినా, పిల్లల మీద చేయిచేసుకున్నా ఈ తూకాలేవీ వద్దు, ఆరోజే ఆపేయండి. మిగతా సందర్భాల్లో సంక్రాంతి టోర్నమెంట్లు అయ్యాక, వేసవి క్యాంపుకి ముందు మార్చాలి. అధ్యక్షుడు, మాస్టారు గౌరవించే పెద్దమనిషి ఒకరు ఇంటికెళ్లి ముఖాముఖి చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో ముందే పొక్కిందా, సగం జట్టు ఆయన వెనకే పోతుంది.

మేనేజర్‌గానో, జూనియర్ల దగ్గరో ఉండమని అడగొచ్చు. అయితే జట్టు ఎంపిక కొత్త కోచ్ ఒక్కడిదేనని కాగితం మీద రాసుకోండి. లేకపోతే పక్కనపెట్టిన ప్రతివాడూ "గురువుగారూ, మీరొక మాట చెప్పండి" అంటూ పాతాయన గుమ్మం ఎక్కుతాడు. కొత్తవాళ్లకి కనీసం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఇచ్చే కోచింగ్ డి-లైసెన్స్ ఉందో లేదో చూడండి.

ఒక నెల ఇద్దరూ కలిసి పనిచేయాలి. ఆలోపు జనన ధ్రువపత్రాల నకళ్లు, గ్రౌండు అనుమతి కాగితాలు, జెర్సీల కొట్టులో బాకీ, ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ లాగిన్ చేతులు మారాలి. లాగిన్ ఆయన సొంత ఈమెయిల్ మీద ఉంటే క్లబ్ ఈమెయిల్‌కి మార్పించాకే సన్మానం, శాలువా. లేకపోతే ఎంట్రీ గడువు రోజున పాస్‌వర్డ్ కోసం ఆయన ఇంటికే పరిగెత్తాలి.