ఇంట్లోనే క్రిస్మస్ చుక్క – 3వ పాఠం: 25 కట్లు

పోయిన పాఠంలో వాకిట్లో వెలిగించే క్రిస్మస్ కాగితపు చుక్క కోసం, ముందుకు ఐదు, వెనక్కి ఐదు, మొత్తం పది వెదురు బద్దలు చీల్చి, నున్నగా గీకి, గుర్తులు పెట్టి ఆరబెట్టుకున్నాం. ఒక్కో బద్ద 63 సెంటీమీటర్లు. రెండు కొసల్లోనూ ఒకటిన్నర సెంటీమీటరు వదిలి పెన్సిలు గీత పెట్టాం. ఆ గీతల మధ్య దూరం 60. ఒక్కో గీత నుంచి లోపలికి 23 కొలిచి ఇంకో గుర్తు పెడితే, నడుమ 14 మిగిలింది. "కంటితో చూసి కట్టేస్తాంలే" అని గుర్తులు పెట్టని వాళ్ళు ఇప్పుడైనా పెట్టుకుని రండి. ఈ పాఠమంతా వాటి మీదే నడుస్తుంది.

ఈ రోజుకు కావలసినవి పురికొస, కత్తెర, కొలత టేపు, ఇంకో మనిషి. ఆ ఇంకో మనిషి తప్పనిసరి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కట్టాలి. మా ఇంట్లో పట్టుకునేది మా వాడు, ఏడో తరగతి. కట్టేది నేను. మా అత్త మంచం మీద కూర్చుని బైబిల్లో మత్తయి సువార్త రెండో అధ్యాయం, అదే చుక్కను చూసి జ్ఞానులు బాల యేసును వెతుక్కుంటూ వచ్చిన కథ, చదువుతుంది, మధ్యలో నా కట్లకు వంకలు పెడుతుంది.

పిల్లలు నోటుబుక్కులో పెన్ను ఎత్తకుండా చుక్క గీస్తారు కదా, బద్దలు కూడా అదే దారిలో పరచాలి. కింద ఎడమ మూల నుంచి పై కొసకు ఒకటి, అక్కడి నుంచి కింద కుడి మూలకు రెండోది. అక్కడి నుంచి ఎడమ భుజానికి మూడోది, అడ్డంగా కుడి భుజానికి నాలుగోది, మళ్ళీ మొదలుపెట్టిన చోటికి ఐదోది. ప్రతి బద్దా లోపల ఇంకో రెండింటిని దాటుతుంది. ఒకదాని మీదుగా పోతే రెండోదాని కిందుగా పోవాలి, చాప అల్లినట్టు. ఐదో బద్ద దగ్గర కొంచెం వంచి దూర్చాల్సి వస్తుంది. భయపడకండి, ఆరిన వెదురు ఆ మాత్రం వంగుతుంది.

ముందు ఐదు కొసలు కట్టండి, కానీ బిగించకండి. ఇప్పుడు టేపు తీయండి. పక్కపక్క కొసల మధ్య దూరం ఐదు చోట్లా 37 సెంటీమీటర్లు రావాలి. ఒకచోట 35, ఇంకోచోట 39 వస్తే ఎక్కువున్న చోట కొసను మెల్లగా లోపలికి నెట్టండి. చుక్క మొత్తం జరిగి సర్దుకుంటుంది. కొలత కుదిరిందనడానికి ఇంకో సాక్ష్యం లోపలే ఉంది. బద్దలు దాటుకునే ఐదు చోట్లా మీరు పెట్టిన పెన్సిలు గుర్తులు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి.

ఈ అంకెలు గుర్తుండవని దిగులొద్దు. 14, 23 గుర్తుంటే చాలు. రెండూ కలిపితే 37, అంటే కొసల మధ్య దూరం. 23, 37 కలిపితే 60, అంటే బద్ద కొసల్లో పెట్టిన గీతల మధ్య దూరం. ఇది కనిపెట్టింది మా వాడే. వాణ్ణి మెచ్చుకుంటూ ఒక సంగతి చెప్పాను. 1830లలో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో మొరావియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ళ మగపిల్లల బడిలో, జ్యామితి పాఠంగా కాగితపు నక్షత్రాలు చేయించారట. ఎన్నో మొనలుండే మొరావియన్ నక్షత్రం అక్కడ పుట్టిందే. "అయితే దీనికి మార్కులేస్తారా?" అన్నాడు.

కొలత కుదిరాక లోపలి ఐదు కూడళ్ళు కట్టాలి. కట్టు నేర్చుకుంటే పని సగం అయినట్టే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. మూరెడు పురికొస తీసుకోండి. కూడలి మీద ఒక మూల నుంచి ఎదురు మూలకు మూడు చుట్లు, తర్వాత రెండో ఐమూలగా మూడు చుట్లు వేయండి. చాలామంది ఇక్కడే ముడివేసి వదిలేస్తారు, వారం తిరిగేసరికి చుక్క ఊగుతుంది. ముడికి ముందు రెండు బద్దల సందులోంచి, వేసిన చుట్లను చుట్టుకుంటూ ఇంకో రెండు చుట్లు లాగి బిగించండి. మా అత్త దీన్ని "నడుం బిగించడం" అంటుంది. ఇప్పుడు ముడి వేయండి. పురికొసను తడపొద్దు. తడిపి కడితే ఆరాక వదులవుతుంది. అంతా అయ్యాక కొసల దగ్గరికి తిరిగొచ్చి వాటినీ బిగించండి. ఒక చుక్కకు 10 కట్లు. రెండో చుక్క కూడా ఇలాగే.

రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కొసల దగ్గర మాత్రమే కలిపి కడితే ఇంకో 5. మొత్తం 25. "డిసెంబరు ఒకటి నుంచి రోజుకొకటి కడదామమ్మా" అన్నాడు మా వాడు. ఆలోచన బాగుంది గానీ, అలా కడితే పండగనాటికి మనకు మిగిలేది కాగితం లేని బద్దలే. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఎదురుచూసే ఆగమన కాలంలో మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. ఆ పొద్దుకు చుక్క వాకిట్లో వెలగాలని మా పట్టుదల.

ఇక చుక్కకు పొట్ట తేవాలి. 14 సెంటీమీటర్ల పుల్లలు ఐదు తీసుకుని, రెండు కొసల్లోనూ చాకుతో గాడి పెట్టండి. ముందు చుక్క కూడలికీ వెనక చుక్క కూడలికీ మధ్య ఒక్కో పుల్ల నిలబెట్టాలి. వరసగా పెట్టుకుంటూ పోతే చుక్క ఒక పక్కకు మెలిపడుతుంది. కారు చక్రం బోల్టులు బిగించినట్టు ఒకటి విడిచి ఒకటి పెట్టండి. వీటికి కట్టు అక్కర్లేదు, బద్దల బిగువే పట్టుకుంటుంది. మూడో పుల్ల పెట్టేటప్పుడు వెదురు కిర్రుమంటుంది. పిల్లల మొహాలు అప్పుడు దూరంగా ఉండాలి. పోయినేడు మాది ఒకటి జారి ఎగిరి, మా అత్త కళ్ళజోడు తాకి పడింది. ఆమె చదవడం ఆపలేదు.

చదువుతుండగా మా వాడికి ఒక అనుమానం వచ్చింది. "అవ్వా, జ్ఞానులు ముగ్గురని ఏడుంది?" "ఎతుకు నాయనా" అంది. పన్నెండు వచనాలూ వెతికాడు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడున్నాయి గానీ మనుషుల లెక్క లేదు. పైగా వాళ్ళు వచ్చింది పాకలోకి కాదు, ఇంట్లోకి. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు లూకా సువార్తలో ఉంటారు, అక్కడ నక్షత్రం ఉండదు. మీ పిల్లల్నీ వెతకమనండి. 25 కట్లు పడేలోగా ఒక అధ్యాయం రెండుమూడు సార్లు చదవడం ఎలాగూ అవుతుంది.

పూర్తయిన చట్రాన్ని మిద్దె మీద పెట్టొద్దు, ఇంట్లోనే మేకుకు తగిలించండి. మన చిత్తూరు వైపు డిసెంబరంటే ఈశాన్య రుతుపవనాల వానలు. 2022లో మాండూస్ తుపాను వచ్చినప్పుడు మా చుక్క కాగితమంతా కరిగి, ఎర్ర రంగు కొత్త సున్నం మీదుగా గడప దాకా కారింది. చట్రానికి మాత్రం ఏమీ కాలేదు. ఒక్క కట్టు కూడా వదలలేదు. దానికే కొత్త కాగితం అంటించి మరుసటి ఏడు వాడుకున్నాం.

వచ్చే పాఠంలో మైదా జిగురు, కాగితం, బల్బు. మా నాయన జిగురులో మైలుతుత్తం వేసేవాడు, పురుగు పట్టదని. అది విషం, పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో వద్దు. బల్బు చిన్న ఎల్‌ఈడీ అయితే చాలు, పాతకాలపు వేడి బల్బు కాగితం మధ్య పెట్టకూడదు. కాగితాలు ఇప్పుడే కొనకండి. ఒకవేళ బజారుకు పోతే అంగట్లో చిన్న ముక్క అడిగి, వేలు తడిపి రుద్ది చూడండి. వేలికి రంగు అంటితే అది వద్దు.