ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ రాదు: బడ్జెట్ కంప్యూటర్ సమస్య - పరిష్కారం

మా మేనల్లుడు వీడియోలు చూసి పార్టుల లిస్టు తనే రాసుకుని, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి కొనుక్కొచ్చాడు. బిగించడం కూడా తనే. రాత్రి పదకొండింటికి ఫోన్: "మామయ్యా, మదర్‌బోర్డు పోయినట్టుంది."

పోలేదు. కొత్త పార్టు పెట్టెలోంచే చచ్చి రావడం నేను చూసింది తక్కువ. తప్పు చాలాసార్లు కొన్న లిస్టులోనే ఉంటుంది. కాబట్టి పార్టులు పట్టుకుని షాపుకి పరిగెత్తేముందు ఇవి చూసుకోండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ 'నో సిగ్నల్' అంటోంది

మావాడి కథ ఇదే. ప్రాసెసర్ పెట్టె మీద ఏముందో చదవమన్నాను. "ఐ3-12100ఎఫ్" అన్నాడు. ఆ చివరి ఎఫ్ అక్షరమే కొంప ముంచింది. ఇంటెల్‌లో ఎఫ్ అని ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనట్టు. కాస్త చవకని తీసుకున్నాడు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. "బోర్డు వెనక హెచ్‌డీఎంఐ ఉందిగా మామయ్యా?" ఉంది. పోర్టు బోర్డుది, బొమ్మ ప్రాసెసర్ ఇవ్వాలి. ఏఎండీలోనూ ఇదే తిరకాసు: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ ఉండదు, 5600జీలో ఉంటుంది.

పరిష్కారం: షాపువాళ్లు ఒప్పుకుంటే ఎఫ్ లేని 12100కి మార్చుకోవడం, లేదంటే చిన్నదో పాతదో ఒక కార్డు వేయడం. కార్డు ఉండీ బొమ్మ రాకపోతే కేబుల్ బోర్డుకి కాక కార్డుకే పెట్టారా చూడండి. నవ్వకండి, నేనూ ఒకసారి అరగంట తల బాదుకున్నాను.

గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరే అయితే తర్వాతి అనుమానం ర్యామ్. రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కితే 'టక్' మని క్లిప్పు దానంతటదే పడాలి. కొత్తవాళ్లు బోర్డు విరుగుతుందేమోనని భయపడి సగంలో ఆపేస్తారు. పక్కనుంచి చూస్తే బంగారు రంగు పళ్లు ఒకవైపు ఎక్కువ కనిపిస్తాయి, అదీ గుర్తు. ఆ తర్వాత బోర్డు పైమూల, ప్రాసెసర్ దగ్గరుండే 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్. 24 పిన్నుల పెద్దది పెట్టి దీన్ని మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ప్రాసెసర్‌కి కరెంటు ఉండదు.

ఇవన్నీ బాగుంటే బయోస్ వంతు, అంటే బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాం. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 ప్రాసెసర్లు 2020 చివర్లో. పాత స్టాకు బోర్డుకి కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు. 2022 నాటి హెచ్610 బోర్డు మీద 13వ తరం ఇంటెల్ పెట్టినా అంతే. బోర్డుకి బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోనే అప్‌డేట్ చేయొచ్చు. లేకపోతే కొన్న షాపులో పాత ప్రాసెసర్ పెట్టి చేయించుకోవాలి. అసలు కొనేముందే బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్టు తీసి, మీ ప్రాసెసర్‌కి ఏ బయోస్ వెర్షన్ కావాలో చూసి, అది ఉన్న బోర్డే ఇవ్వమనండి.

ర్యామ్ స్లాటులో దిగడం లేదు

నొక్కకండి! ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు రకాలు, వాటి గాటు ఒకే చోట ఉండదు. హెచ్610 బోర్డులు రెండు రకాలూ అమ్ముతారు, పేరులో చిన్న తేడా తప్ప చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మార్చుకోవడమే దారి.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

ముందు ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటిచ్చే డబ్బా) వెనక స్విచ్ చూడండి. తర్వాత క్యాబినెట్ బటన్ నుంచి వచ్చే రెండు పిన్నుల వైరు. బోర్డు పుస్తకంలో బొమ్మ చూసి పవర్ స్విచ్ అన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకించండి. ఆన్ అయితే తప్పు ఆ వైరుదే. కాకపోతే బోర్డు కింద ఇత్తడి స్టాండాఫులు (బోర్డుని ఎత్తి నిలిపే చిన్న కాళ్లు) అనవసరమైన చోట ఉండి షార్ట్ అవుతోందేమో, బోర్డు బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి చూడాలి.

'ఐ7, 16 జీబీ' అని కొన్నాను, అయినా నత్తనడక

ఐ7 సరే, ఎన్నో తరం? చవగ్గా దొరికే సెట్లలో 2012 నాటి ఐ7-3770 తరచూ కనిపిస్తుంది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 నాటి ఐ3-12100కీ అన్నే, కానీ కోరుకి కోరు పెట్టి చూస్తే ఐ3 ఎంతో వేగం. పైగా మైక్రోసాఫ్ట్ లెక్కలో విండోస్ 11కి ఇంటెల్ 8వ తరం నుంచే అర్హత. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దీనికి మందు లేదు. హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే కొంత ఊపిరి పోస్తుంది, అంతే.

ప్రాసెసర్ కొత్తదే అయితే ర్యామ్ చూడండి. 5600జీ లాంటి దానికి 16 జీబీ ఒక్క స్టిక్ కన్నా 8 జీబీవి రెండు మేలు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది గనుక, రెండు స్టిక్కులతో రెండు దారులుంటే గేముల్లో తేడా కంటికే తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర 3200 బదులు 2133 అనో 2400 అనో ఉంటే, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి.

గేమ్ పెట్టిన పది నిమిషాలకి ఆఫ్

వేడో, ఎస్‌ఎంపీఎస్సో. వేడి 90, 100 డిగ్రీల దాకా పోతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు. ఇంటెల్ కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి లేచి ఉంటుంది, బోర్డు వెనక నుంచి చూస్తే దొరుకుతుంది. వేడి మామూలుగా ఉండీ ఠక్కున ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్ మీదే నా అనుమానం. క్యాబినెట్‌తో పాటు ఊరికే ఇచ్చే '450 వాట్ల' డబ్బాని నేను నమ్మను. చేత్తో ఎత్తితే దూదిలా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకి 6 పిన్నుల కేబులూ ఉండదు. బడ్జెట్ తెగకపోతే రంగు లైట్ల క్యాబినెట్ మానేసి, ఆ డబ్బుతో 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్న ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

మావాడి రెండో ఫోన్ ఇది. ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తానన్నాడు. మార్చినా ఇదే, ఎందుకంటే తప్పు గోడలో ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప డబ్బాకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి లీకేజీ మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్తింగ్ లేకపోతే డబ్బా మీద 230లో దాదాపు సగం వోల్టేజీ నిలుస్తుంది. కరెంటు స్వల్పం గనుక జివ్వుమనడంతో పోతుంది, కానీ ఇంట్లో ఎర్తింగ్ లేదని అదే చెబుతోంది.

మల్టీమీటర్ వాడడం వచ్చినవాళ్లు సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 230 దగ్గర రావాలి. రాకపోతే ముందు ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి, చవక బోర్డుల్లో మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. అప్పటికీ అంతే అయితే ఎలక్ట్రీషియన్ని పిలవాలి. ఆయన సాకెట్‌లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేస్తానంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు క్యాబినెట్ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది.

మావాడి ఇంట్లో ఎర్తింగ్ గుంట ఉంది. ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోయింది, పైన వైరు తుప్పుపట్టి ఊడింది. కొత్త క్లాంపు వేయించి ఉప్పు, బొగ్గు, నాలుగు బిందెల నీళ్లు పోయించాం. సాయంత్రం క్యాబినెట్‌కి టెస్టర్ ఆనిస్తే లైటు వెలగలేదు.