పరాయి దేశంలో ఇల్లు తీసుకునే ముందు నేను వేసే లెక్క

ముప్పై ఏళ్లు బీమా క్లెయిముల ఫైళ్ల మధ్య గడిపినదాన్ని. "ఫలానా దేశం సేఫేనా?" అని ఎవరైనా అడిగితే నా నోట వెంటనే జవాబు రాదు. ఎవరికి, ఏ ఊళ్లో, ఎన్నాళ్లకి, ఏ వేళప్పుడు అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. మా ఆయనకు విసుగు. అయినా రిటైరయ్యాక బయట దేశంలో ఉందామనుకున్నప్పుడు ఆ విసుగు భరిస్తూనే లెక్క వేశాను.

ముందు హత్యల రేటు చూడండి, లక్ష జనాభాకు ఏడాదికి ఎన్ని అని. దొంగతనాల లెక్కల్ని నేను పెద్దగా నమ్మను. పోలీసుల మీద నమ్మకం ఉన్నచోట జనం ప్రతి చిన్నదానికీ ఫిర్యాదు చేస్తారు కాబట్టి అంకె పెద్దగా కనిపిస్తుంది. నమ్మకం లేనిచోట ఎవరూ స్టేషన్ గడప తొక్కరు, కాగితం మీద ఊరు ప్రశాంతంగా ఉంటుంది. శవాన్ని దాచడం అంత తేలిక కాదు. నంబియో లాంటి సైట్లలో కనిపించే నేర సూచీ, ఆ సైటుకు వచ్చినవాళ్లు చెప్పిన అభిప్రాయాల సగటు. అది భయానికి కొలత, నేరానికి కాదు.

ఒక్క ఏడాది అంకెతో ఆగకండి, పదేళ్ల గీత గీయండి. ఈక్వెడార్‌లో 2017లో హత్యల రేటు ఆరు లోపే. కొకైన్ ముఠాలు గ్వాయకిల్ రేవు మీద కన్నేశాక 2023కల్లా నలభై దాటింది. ఎల్ సాల్వడార్‌లో ఉల్టా: 2015లో వంద దాటిన రేటు 2024లో రెండు లోపుకు దిగింది. కానీ 2022 మార్చి నుంచి అక్కడ అత్యవసర పరిస్థితి నడుస్తోంది. వారెంట్ లేకుండా వేలాది మందిని పట్టుకెళ్లారు, అందులో ఏ పాపం ఎరగనివాళ్లూ ఉన్నారు. దొంగ భయం పోయి ఇంకో భయం వచ్చిన చోటును మీ ఖాతాలో ఎలా రాసుకుంటారో మీరే తేల్చుకోవాలి. చిన్న ఊళ్ల రేటుతోనూ జాగ్రత్త. ఇరవై వేల మంది ఉన్న ఊళ్లో రెండు హత్యలు జరిగితే రేటు పది అవుతుంది. ఆ రెండూ ఒకే ఇంటి ఆస్తి తగాదా కావచ్చు.

తర్వాత దేశాన్ని ముక్కలు చేయండి. అమెరికా విదేశాంగ శాఖ 2018 నుంచి దేశాలకు నాలుగు స్థాయిల హెచ్చరికలు ఇస్తోంది. మెక్సికోకైతే రాష్ట్రాల వారీగా వేరువేరుగా ఉంటాయి. సినలోవాకు వెళ్లొద్దనే స్థాయి, యుకటాన్‌కు మామూలు జాగ్రత్త చాలనే స్థాయి. జెండా ఒకటే, బతుకు వేరు. మీ ప్రభుత్వం ఇచ్చే హెచ్చరికతో పాటు ఇంకో రెండు దేశాలవీ చదివి, మూడింటిలోనూ ఉన్న మాటకు గీత పెట్టుకోండి.

చూడటానికి వెళ్లేవాళ్ల ముప్పు వేరు, ఉండిపోయేవాళ్ల ముప్పు వేరు. బార్సిలోనా మెట్రోలో జేబు కొట్టేస్తే ఆ రోజు పాడవుతుంది, అంతే. కొలంబియాలోని మెడెయిన్‌లో 2023 చివరి రెండు నెలల్లో ఎనిమిది మంది అమెరికన్లు అనుమానాస్పదంగా చనిపోయారని వాళ్ల ఎంబసీ హెచ్చరించింది. వాటిలో కొన్నింటికి డేటింగ్ యాప్‌లతో సంబంధం, కొన్నింటిలో మత్తుమందు ఇచ్చి దోచుకున్నారన్న అనుమానం. అరవై దాటి జంటగా వెళ్లే మాకు ఆ అంకె వర్తించదు. ఒంటరిగా వెళ్లే మగవాడికి వర్తిస్తుంది.

మాకు వర్తించేది రోడ్డు. 2021లో ప్రపంచం మొత్తమ్మీద హత్యకు గురైనవాళ్లు దాదాపు 4.58 లక్షలైతే, రోడ్ల మీద పోయినవాళ్లు 11.9 లక్షలు. అందుకే నేను ముందు ఫుట్‌పాత్ చూస్తాను, తర్వాతే తలుపు తాళం.

ఇంకొకటి, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఉండిపోయినవాళ్లను ముంచేది చీకటి సందులో ఎదురైన మనిషి కాదు, నమ్మి తాళాలిచ్చిన మనిషి. నేనే మోసపోయాను. ఫొటోలు చూసి ఒక ఇంటికి రెండు నెలల అద్దె ముందే పంపాను. వెళ్లి చూస్తే ఇల్లు ఉంది, డబ్బు తీసుకున్నవాడు మాత్రం ఆ ఇంటి యజమాని కాదు. అప్పటినుంచి మొదటి వారం హోటల్లోనే, ఇల్లు కళ్లారా చూశాకే పైసా. పవర్ ఆఫ్ అటార్నీ మాత్రం పొరుగున పరిచయమైన మంచివాళ్లకు ఎవరికీ రాసివ్వను. రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా, అందులో నెలకు సరిపడా మాత్రమే.

చివరికి వెళ్లి ఉండి చూడాలి, అదీ వాతావరణం బాగోని నెలల్లో. మేం ఈక్వెడార్ కొండల్లోని క్వెంకాలో ఎనిమిది వారాలున్నాం. రోజూ ఒకే దారిలో పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి నడిచాను. రాత్రి ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారా, ఎన్నో అంతస్తు దాకా కిటికీలకు ఇనుప చువ్వలున్నాయి, ఏటీఎం దగ్గర జనం వెనక్కి తిరిగి చూసుకుంటున్నారా అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బ్రోకర్‌ను ఏమీ అడగలేదు, వాడు అమ్ముకునేవాడు. రాత్రి షాపు మూసేసే మందుల దుకాణం ఆవిడను అడిగాను. "ఇక్కడ భయమా?" అంటే "లేదు" అంది. "మీరు ఇంటికెలా వెళ్తారు?" అంటే "మా తమ్ముడు వచ్చి తీసుకెళ్తాడు" అంది. రెండో ప్రశ్నకు వచ్చిందే అసలు జవాబు.

అయినా క్వెంకాను వదులుకున్నది దొంగల వల్ల కాదు. ఆ ఊరు రెండున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది. మా ఆయన రెండో అంతస్తు ఎక్కేసరికి మెట్ల మీద కూర్చుండిపోయేవాడు. నా నోట్‌బుక్‌లో అన్ని గడులున్నా దానికో గడి లేదు, తర్వాత గీశాను. ఇప్పుడు యుకటాన్‌లోని మెరిడా చూస్తున్నాం. అక్కడ ఎండలు మండిపోయే ఏప్రిల్, మే నెలలకే టికెట్లు తీశాను.