పెరట్లో ముందు కుర్చీ, తరవాతే మొక్క

పెరడు బాగుచేద్దాం అనుకోగానే చాలామంది నేరుగా నర్సరీకి పోతారు. అక్కడ విరగబూసిన కుండీలు చూశాక మనసాగదు. నాలుగు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక గోడ వెంబడి వరసగా పేర్చేస్తారు. ఇక ఆ వరసకి నీళ్లు పోయడానికి తప్ప పెరట్లోకి ఎవరూ అడుగు పెట్టరు. మా చుట్టాల ఇళ్లలో నేను చూసిన పెరళ్లు సగం ఇలాంటివే. మొక్కలు బాగానే ఉంటాయి, మనుషులే కనబడరు.

నన్నెవరైనా సలహా అడిగితే, ముందు ఇంట్లో ఉన్న ఏదో ఒక కుర్చీ తీసుకెళ్లి పెరట్లో వేసుకుని కూర్చోమంటాను. పొద్దున ఒక మూల, మధ్యాహ్నం ఇంకో మూల, సాయంత్రం మరోచోట. ఓ వారం ఇలా తిరిగితే చాలా తెలుస్తుంది. ఏ వేళకి ఎండ మొహం మీద కొడుతోంది, గాలి ఎటునుంచి వీస్తోంది, పక్కింటివాళ్ల కిటికీ ఎక్కణ్ణుంచి సూటిగా కనబడుతోంది, ఎక్కడ కూర్చుంటే పొయ్యి మీద పెట్టింది కూడా ఓ కంట కనిపెట్టుకోవచ్చు... ఇవి నిలబడి చూస్తే అంతుబట్టవు. పైగా ఇష్టంగా కూర్చునే చోటంటూ ఒకటి ఏర్పడితే, ఆ చుట్టుపక్కల ఎండిన ఆకు, పురుగు పట్టిన చిగురు వాటంతటవే కంటపడతాయి. పని అని పెట్టుకోకుండానే తోటపని సాగిపోతుంది.

కూర్చునే చోటు, నడిచే దారి

చోటు కుదిరాక కొలతలు చూసుకోండి. నలుగురు బల్ల చుట్టూ కూర్చోవాలంటే 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు కావాలి. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి బల్ల అంచు నుంచి 75 నుంచి 90 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. చాలామంది ఇక్కడే పిసినారితనం చేస్తారు. లేచిన ప్రతిసారీ కుర్చీ కాలు మడిలోకి జారుతుంటే, కొన్నాళ్లకి ఆ చోటికి వెళ్లడమే మానేస్తారు.

కింద నేల చదునుగా కనబడాలి గానీ పూర్తిగా చదునుగా ఉండకూడదు. ఇంటి గోడ నుంచి బయటివైపుకి మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్ల వాలు ఇస్తే వాన నీళ్లు నిలవవు, గోడకి చెమ్మ పట్టదు. సిమెంటు పోసేయమని మేస్త్రీలు తొందరపెడతారు. నాకది నచ్చదు. పడిన వాన పడినట్టు బయటికి పోతుంది, కింద మట్టికి చుక్క అందదు. మెత్తటి పైమన్ను తీసేసి, 10 సెంటీమీటర్ల మందాన కంకర పరిచి బాగా దిమ్మిస చేయించి, పైన 3 సెంటీమీటర్ల ఇసుక సర్ది, దాని మీద ఇటుకలో రాళ్లో పరిస్తే నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి. ఒక్క జాగ్రత్త, అంచుల్ని మాత్రం గట్టిగా బిగించాలి. అంచు కదిలిందంటే రాళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి పక్కకి జరుగుతాయి.

దారి విషయంలో తెలివితేటలు చూపించనక్కర్లేదు. ఇంట్లోవాళ్లు ఎలాగూ ఏ గీతన నడుస్తున్నారో, ఎక్కడ గడ్డి అరిగిందో, అదే దారి. వంపులు తిప్పి అందంగా వేసినా పిల్లలు అడ్డంగానే పడి పోతారు. పెద్ద దారి 90 సెంటీమీటర్లు, ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవాలంటే 120, మడుల మధ్య సందు 45 చాలు.

ఎండ లెక్క

మా చెల్లెలు ఓసారి ఫోన్ చేసి, "అక్కా, మల్లె ఇంత ఏపుగా పెరిగింది, మొగ్గ మాత్రం లేదే!" అంది. వెళ్లి చూస్తే పాదు నీళ్ల ట్యాంకు నీడలో ఉంది, కొమ్మ కత్తిరించిన జాడే లేదు. మల్లె కొత్త చిగుళ్ల మీద పూస్తుంది. ముదురు కొమ్మల్ని కత్తిరించకపోతే కొత్త చిగుళ్లు సరిగ్గా రావు, ఎండ తగలకపోతే వచ్చిన చిగురు ఆకులకే సరిపోతుంది. ఎన్ని బస్తాల ఎరువు వేసినా ఆ రెంటికీ బదులు కాదు.

కాబట్టి ఒక కాగితం మీద పెరడు బొమ్మ గీసుకుని, సెలవు రోజున రెండేసి గంటలకి ఒకసారి నీడ ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టండి. 6 గంటలు, ఆపైన నేరుగా ఎండ పడేచోట టమాటా, వంగ, బెండ, మల్లె, గులాబీ. 3, 4 గంటలే పడితే ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా. అంతకన్నా తక్కువైతే అక్కడ పూలు, కాయల ఆశ వదిలేసి ఫెర్నులు, మనీ ప్లాంటు, పాము మొక్క లాంటివి పెట్టుకోవడం మేలు. కాలం మారితే సూర్యుడి నడక మారుతుంది, చలికాలంలో నీడలు సాగుతాయి. అందుకని ఎండాకాలంలో ఒకటి, చలికాలంలో ఒకటి, రెండు బొమ్మలు ఉంటే మంచిది. పుదీనాని మాత్రం కుండీ దాటనివ్వకండి. నేలలో పెడితే పాకుడు కాడలతో పక్క మడులన్నీ ఆక్రమిస్తుంది.

కూర్చునే చోటుని బాధపెట్టేది పడమటి ఎండ. మధ్యాహ్నం మూడు దాటాక ఏటవాలుగా వచ్చి కళ్లలో పడుతుంది, నెత్తిన గొడుగు ఉన్నా ఆగదు. ఆ వైపున ఒక చిన్న చెట్టో, తీగ పాకిన తడికో కావాలి. చలికాలంలో ఆకు రాల్చే తీగైతే ఇంకా మంచిది, ఎండ వద్దన్నప్పుడు నీడనిస్తుంది, కావాలన్నప్పుడు తప్పుకుంటుంది. తడికని గోడకి అంటించకుండా 5 నుంచి 10 సెంటీమీటర్లు ఎడం ఉంచితే వెనక గాలి ఆడుతుంది.

చెట్టు నాటేముందు, పెరిగాక దాని కొమ్మలు ఎంత వెడల్పున విస్తరిస్తాయో కనుక్కోండి. కనీసం అందులో సగం దూరమైనా గోడకి వదలాలి. గొయ్యి వేరుముద్దకి రెండు మూడింతలు వెడల్పు తవ్వండి, లోతు మాత్రం ముద్ద ఎత్తుకి మించకూడదు. కాండం కింద వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు మట్టి పైకి కనబడుతూ ఉండాలి. దాన్ని పూడ్చేస్తే అక్కడ బెరడు మెల్లగా కుళ్లుతుంది, చెట్టు ఎందుకు ఎదగలేదో ఏళ్ల తరబడి అర్థం కాదు. కవరులో వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే విడదీసి నాటాలి, లేకపోతే నేలలో కూడా అదే చుట్టు చుడతాయి. ఊతకర్ర కట్టినా ఏడాదికి మించి ఉంచకండి. గాలికి కాస్త ఊగితేనే కాండం గట్టిపడుతుంది.

మట్టి, నీళ్లు

మట్టి సంగతి తేల్చడానికి గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా ఊపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోనే అడుగుకి చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటలకి, బంకమన్ను తేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఏ పొర మందంగా ఉందో చూస్తే మీ నేల ఏమిటో తెలిసిపోతుంది. ఇంకో పరీక్ష నీళ్లు ఇంకడం. 30 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. 3 నుంచి 7 సెంటీమీటర్లు దిగితే దిగులు లేదు. 2 కన్నా తక్కువైతే అక్కడ గుంత తవ్వి నాటడం మానేసి, గట్టు కట్టి మడిని ఎత్తు చేయండి.

ఎత్తు మడి నాకు మరో కారణానికి కూడా ఇష్టం. గట్టు 45 సెంటీమీటర్ల ఎత్తు, జానెడు వెడల్పు ఉంటే దాని మీదే కూర్చుని కలుపు తీసుకోవచ్చు. మోకాళ్లు నొప్పులున్న వాళ్లకి దీని విలువ తెలుస్తుంది. మడి వెడల్పు 120 సెంటీమీటర్లు దాటకూడదు. అప్పుడు అటునుంచీ ఇటునుంచీ చెయ్యి మధ్యదాకా అందుతుంది, లోపల కాలు పెట్టే పని ఉండదు. తొక్కిన మట్టి గట్టిపడుతుంది, వేళ్లకి గాలి అందదు.

బంకమన్నైనా ఇసుక నేలైనా మందు ఒకటే, కంపోస్టు. బంకమన్నుని గుల్లబరుస్తుంది, ఇసుకలో తడి నిలుపుతుంది. పచ్చివి, అంటే వంటింటి తొక్కలు, కోసిన గడ్డి, ఒక వంతు. ఎండుటాకులు, చింపిన అట్టపెట్టెలు రెండు మూడు వంతులు. చెమ్మ ఎంత ఉండాలంటే గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. కుప్ప అన్నివైపులా మీటరు ఉంటే లోపల బాగా వేడెక్కి త్వరగా మాగుతుంది, అంతకన్నా చిన్నదైతే చల్లగా, నిదానంగా అవుతుంది, నష్టమేం లేదు. కంపు కొడితే తడి ఎక్కువైందని, ఎండుటాకులు కలిపి తిరగేయాలి. మాంసం, పాలు, నూనె వస్తువులు వేస్తే ఎలుకలకి విందు. రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నీళ్ల విషయంలో రోజూ కాస్త చిలకరించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పై అంగుళమే తడుస్తుంది, వేళ్లు పైపైనే ఆగిపోతాయి, ఒక్కపూట మరిచిపోతే మొక్క వాలిపోతుంది. మడికి మామూలుగా వారానికి 25 మిల్లీమీటర్ల వానంత నీరు చాలు. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే లీటరు అయినట్టు, కాబట్టి చదరపు మీటరుకి 25 లీటర్లు. మండుటెండల్లో, ఇసుక నేలల్లో ఇంకాస్త. దాన్ని రెండు మూడు విడతలుగా, పొద్దున్నే, మొక్క మొదట్లో పోయండి. సందేహం వస్తే మట్టిలో వేలు గుచ్చండి. రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ రోజు మానేయవచ్చు.

మడి మీద ఎండుటాకులో గడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన కప్పితే నీళ్ల అవసరం బాగా తగ్గుతుంది, కలుపు కూడా తక్కువ మొలుస్తుంది. కాండానికి మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలాలి. రంపపు పొట్టుని పైన కప్పవచ్చు గానీ మట్టిలో కలపకండి. అది కుళ్లేటప్పుడు మొక్కకి అందాల్సిన నత్రజనిని తనే లాక్కుంటుంది.

కుండీల అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ నమ్ముతారు. నిజానికి మెత్తటి మట్టి పూర్తిగా నానితే గాని నీరు కింది రాళ్లలోకి దిగదు. రాళ్లు వేసినంత మేరా ఆ నానిన పొర వేళ్ల దగ్గరికి జరుగుతుంది, అంతే. అడుగున చిల్లు ఉండటమే ముఖ్యం.

కలుపు, పురుగు

తుంగ ఒక్కటే నన్ను నిజంగా విసిగించే కలుపు. పైన పీకితే కింద గడ్డ మిగిలిపోయి మళ్లీ మొలుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు పలుగు లోతుగా దింపి గడ్డలతో సహా ఎత్తాలి, మొలిచిన ప్రతిసారీ ఎత్తాలి. దగ్గరి దారి లేదు. ఆ గడ్డల్ని కంపోస్టు కుప్పలో వేశారంటే తోటంతా మీ చేత్తో చల్లినట్టే.

చిగుళ్ల మీద పేనుబంక కనబడితే ముందు చీమల్ని చూడండి. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. పైపుతో గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు రాలిపోతుంది. పేనుబంకని తినే అక్షింతల పురుగులు తిరుగుతుంటే వాటి పని వాటిని చేసుకోనివ్వండి. వాటి పిల్లపురుగులు నల్లగా, నారింజ మచ్చలతో, రెక్కల్లేకుండా ఉంటాయి. తెలియనివాళ్లు వాటినే చీడ అనుకుని చంపేస్తారు. తప్పదనుకుంటే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి, తేనెటీగలు తిరగని సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. నత్రజని ఎరువు మోతాదు మించితే చిగురు లేతగా, రసంతో ఊరి పేనుబంకని పిలిచినట్టవుతుంది.

లాన్ కావాలని మా ఆయనకి కోరిక. ధారాళంగా ఎండ, బోలెడు నీళ్లు, వదలకుండా కోత, ఇవి ఉన్నవాళ్లు వేసుకోండి. కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతుకి మించి తీయకూడదు. నాకైతే ఆ చోటులో ఇంకో మడి పడుతుంది.

సాయంత్రాలు

ఇంత చేసీ దోమల వల్ల పొద్దుగూకగానే లోపలికి పారిపోతే లాభం లేదు. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేదాకా 7 నుంచి 10 రోజులు చాలు. అందుకని కుండీల కింది పళ్లేలు, పాత బకెట్లు, పక్షులకి పెట్టిన నీళ్లు వారానికొకసారైనా పూర్తిగా ఒంపి, గిన్నె గోడలు రుద్ది కడగాలి. కొన్ని రకాల దోమల గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి. పక్షుల గిన్నె 5 సెంటీమీటర్లకి మించి లోతు ఉండనక్కర్లేదు, పొదకి మరీ ఆనించి పెడితే పిల్లి కాచుకుని కూర్చుంటుంది.

దీపాల్లో తెల్లటి ఫ్లడ్‌లైటు వద్దు. ఆ వెలుగుకి పురుగులు మూగుతాయి, చుట్టూ చీకటి ఇంకా చిక్కగా కనబడుతుంది. 2700 కెల్విన్ అని రాసి ఉండే పసుపు ఛాయ బల్బులు తక్కువ ఎత్తులో, దారి అంచున, చెట్టు మొదట్లో రెండు మూడు చాలు. బల్బు కంటికి కనబడకుండా ఆకు మాటున పెట్టండి. కూర్చునేవాళ్ల కాళ్లవైపు ఒక పెడెస్టల్ ఫ్యాన్ తిప్పితే దోమలు దగ్గరికి రావు, వాటికి ఎదురుగాలిలో ఎగిరే సత్తువ లేదు. ఫ్యాన్ కోసం ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి తడి గడ్డి మీద పడేయకండి. బయటి గోడకి మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ సాకెట్, దాని లైనుకి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించుకోండి. మిగతా పనులన్నీ సొంతంగా చేసుకున్నా ఇది మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. రాళ్లు పరవకముందే పిలిస్తే తీగ పైపులో పెట్టి కిందనుంచే తీసుకెళ్తాడు.