సి భాషలో తెలుగు, 4వ పాఠం: నాలుగక్షరాల తిరుపతికి ఏడు కాగితాలు

పోయిన పాఠంలో ‘తిరుపతి’ అనే మాటను యూటీఎఫ్-8లో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే ఒక ఎన్‌కోడింగ్‌లో, విడదీసి చూశాం. కంటికి నాలుగక్షరాలే. లోపల మాత్రం త, గుడి, ర, కొమ్ము, ప, మళ్లీ త, మళ్లీ గుడి. అంటే ఏడు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు). ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. ఇంటిపనిగా ‘చిత్తూరు’ ఇచ్చాను. మీకు 24 వచ్చి ఉండాలి. 21 వచ్చిందంటే త వత్తు దగ్గర పొల్లును లెక్కలోకి తీసుకోలేదన్నమాట. ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకుని రండి.

ఈ పాఠంలో ఒక ఎన్‌కోడింగ్‌లో ఉన్న తెలుగును ఇంకో ఎన్‌కోడింగ్‌లోకి మారుస్తాం. ఈ పని ఎందుకు అవసరమో నాకు తెలిసొచ్చింది ఒక మామిడి మండీలో.

దామలచెరువు వైపు ఒక మండీకి బిల్లుల ప్రోగ్రామ్ రాస్తున్న రోజులవి. సీజన్ మధ్యలో ఉంది, బెంగళూర కాయ ట్రాక్టర్ల కొద్దీ దిగుతోంది. గుమాస్తా రైతుల పేర్లు, ఊళ్లు ఎక్సెల్‌లో తెలుగులో కొట్టి, ‘యూనికోడ్ టెక్స్ట్’ అని సేవ్ చేసి ఇచ్చాడు. అందులో ఏముందో చూద్దామని ఆ ఫైలును ఉన్నదున్నట్టు డాట్ మాట్రిక్స్ ప్రింటర్‌కు పంపాను. కాగితం ఆగలేదు. ఒక గుర్తు పడుతుంది, కాగితం మొత్తం బయటికి జారిపోతుంది. ఇంకో గుర్తు, ఇంకో కాగితం. స్విచ్ ఆపేలోపు కింద కాగితాల కుప్ప పడింది. బిల్లు కోసం రైతులు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఎక్సెల్ ‘యూనికోడ్ టెక్స్ట్’ అనేది యూటీఎఫ్-16. అందులో తెలుగుకు ఒక్కో కోడ్ పాయింట్ రెండు బైట్లు. రాత్రి తిరుపతికి వచ్చి, ‘తిరుపతి’ అనే ఒక్క మాటతో అలాంటి ఫైలే చేసి, అందులోని బైట్లను ఒక్కొక్కటిగా అచ్చు వేశాను. మీరూ వేయండి. బైటును అన్‌సైన్డ్ క్యారెక్టర్‌గానే తీసుకోండి. లేకపోతే 255 ఉన్నచోట మైనస్ 1 కనిపించి తికమక పడతారు. వచ్చేది ఇది:

255 254, 36 12, 63 12, 48 12, 65 12, 42 12, 36 12, 63 12.

మొదటి జంట బైట్ ఆర్డర్ మార్క్. ‘చిన్న బైటు ముందు, పెద్ద బైటు తర్వాత’ అని చెప్పే గుర్తు. దాని తర్వాత ఏడు జంటలు, ఏడు కోడ్ పాయింట్లు. ప్రతి జంటలోనూ రెండోది 12. ఎందుకంటే యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 3072 నుంచి 3199 వరకు. 3072 అంటే 12 ఇంటూ 256. కాబట్టి తెలుగు ఎక్కడున్నా, యూటీఎఫ్-16లో పై బైటు 12 కాక తప్పదు. పాత ఆస్కీ లెక్కలో 12 అంటే ఫామ్ ఫీడ్, ‘ఈ కాగితం అయిపోయింది, తర్వాతిది తీయి’ అనే ఆజ్ఞ. 36 డాలర్ గుర్తు, 63 ప్రశ్నార్థకం, 48 సున్నా. పాపం ప్రింటర్ చెప్పినట్టే చేసింది. తిరుపతికి ఏడు కాగితాలు తీసింది.

గుమాస్తా ఇచ్చిన ఫైలును స్ట్రింగ్ పొడవు లెక్కపెట్టే స్ట్రెలెన్‌కు ఇస్తే మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోతుంది. యూటీఎఫ్-16లో ఖాళీ అంటే 32, 0. ఆ సున్నాను చూసి స్ట్రింగ్ అయిపోయిందనుకుంటుంది. అంకెలూ అంతే, ప్రతి అంకె పక్కనా ఒక సున్నా బైటు ఉంటుంది. అందుకే ఈ ఫైళ్లను స్ట్రింగులుగా చూడకండి. బైట్ల వరసగా, పొడవు విడిగా పట్టుకుని చూడండి.

ఇక పనిముట్టు. దాని పేరు ఐకాన్వ్. యునిక్స్ తరహా సిస్టమ్‌ల పోసిక్స్ ప్రమాణంలో ఉంది. లినక్స్‌లో జీలిబ్‌సీ అనే సి లైబ్రరీతో పాటే వస్తుంది, విడిగా ఏమీ లింక్ చేయక్కర్లేదు. లిబ్‌ఐకాన్వ్ విడి లైబ్రరీగా ఉన్న సిస్టమ్‌లలో మాత్రం కంపైల్ చేసేటప్పుడు దాన్ని కలపాలి. పేర్లను నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఫంక్షన్ల పేర్లు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఎన్‌కోడింగ్‌ల పేర్లు, ఎర్రర్ల పేర్లు, నల్ పెద్దక్షరాల్లో కొట్టండి. తలుపు తెరిచే వరస ఇది:

ఐకాన్వ్_ఓపెన్("యూటీఎఫ్-8", "యూటీఎఫ్-16")

ముందు రాసేది ఎందులోకి మార్చాలో, తర్వాత రాసేది ఎందులోంచి మార్చాలో. మనం మాట్లాడేటప్పుడు ‘చిత్తూరు నుంచి తిరుపతికి’ అంటాం, ఇక్కడ ‘తిరుపతికి, చిత్తూరు నుంచి’ అనాలి. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం ఇక్కడే. రెండు పేర్లూ సరైనవే కాబట్టి తారుమారు చేసినా ఓపెన్ ఏమీ అనదు. గొడవ తర్వాత బయటపడుతుంది.

రెండో పేరుగా వట్టి యూటీఎఫ్-16 అని ఇచ్చాను, గమనించారా? అలా ఇస్తే జీలిబ్‌సీ మొదటి రెండు బైట్లు చూసి, వరస తెలుసుకుని, వాటిని తీసి పక్కన పెడుతుంది. యూటీఎఫ్-16ఎల్‌ఈ అని ఇస్తే ఆ గుర్తును కూడా అక్షరంగానే లెక్కవేసి మార్చేస్తుంది. అప్పుడు మీ ఫైలు మొదట్లో 239 187 191 అని కంటికి కనపడని మూడు బైట్లు కూర్చుంటాయి. మొదటి రైతు పేరు వెతికితే దొరకదు. మిగతా పేర్లన్నీ దొరుకుతాయి. అలాంటి బగ్ మీద నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను. కాబట్టి ఫైలు మొదట్లో గుర్తు ఉంటే వట్టి పేరు, గుర్తు లేకుండా వరస ముందే తెలిస్తే ఎల్‌ఈ లేదా బీఈ.

ఫైలును తెరిచేటప్పుడు బైనరీ మోడ్‌లోనే తెరవండి. లినక్స్‌లో తేడా కనిపించదు. విండోస్‌లో మాత్రం టెక్స్ట్ మోడ్‌లో 26 అనే బైటు కనిపిస్తే ‘ఫైలు అయిపోయింది’ అని అర్థం. చ అక్షరం యూటీఎఫ్-16లో ఏమిటో చూడండి: 26, 12. అంటే చిత్తూరు అనే ఊరు రాగానే చదవడం ఆగిపోతుంది. చంద్రగిరి వచ్చినా అంతే. పీలేరు, పలమనేరు, పుంగనూరు రైతులందరూ బాగానే వస్తారు, చిత్తూరు దగ్గర జాబితా తెగిపోతుంది. కారణం తెలియకపోతే ఎన్ని రోజులు వెతికినా దొరకదు.

ఇప్పుడు అసలు పని చేసే ఐకాన్వ్. దానికి ఐదు ఇవ్వాలి: ఓపెన్ ఇచ్చిన హ్యాండిల్, చదివే పాయింటర్ చిరునామా, చదవాల్సిన బైట్ల లెక్క చిరునామా, రాసే పాయింటర్ చిరునామా, రాయడానికి మిగిలిన చోటు లెక్క చిరునామా. చిరునామాలు ఎందుకంటే పని జరిగేకొద్దీ అది పాయింటర్లను ముందుకు జరుపుతుంది, లెక్కలను తగ్గిస్తుంది. అందుకే బఫర్ పేరునే ఇవ్వకండి. బఫర్ మొదటిని చూపే వేరే పాయింటర్ పెట్టుకుని దాని చిరునామా ఇవ్వండి.

అది పని పూర్తిచేయకుండా ఆగితే మైనస్ 1 ఇస్తుంది, కానీ సైజ్_టి రూపంలో. సైజ్_టికి మైనస్ లేదు. ‘సున్నా కంటే తక్కువా?’ అని అడిగితే ఎప్పటికీ కాదనే వస్తుంది. మైనస్ 1ని సైజ్_టిగా మార్చి, దానితో సమానమా అని అడగండి.

ఆగడానికి మూడు కారణాలు. ఏదన్నది ఎర్‌నో అనే వేరియబుల్ చెబుతుంది. ఈ మూడింటినీ ఒకే ‘ఎర్రర్’ కింద కట్టేస్తే ప్రోగ్రామ్ నాశనమే.

ఈ2బిగ్ అంటే రాయడానికి చోటు చాల్లేదు. ఇది తప్పే కాదు. తెలుగు యూటీఎఫ్-16లో రెండు బైట్లు, యూటీఎఫ్-8లో మూడు. 4096 బైట్లు చదివితే అందులో 2048 కోడ్ పాయింట్లు, అన్నీ తెలుగువే అయితే బయటికి 6144 బైట్లు కావాలి. మీ రెండో బఫర్ కూడా 4096 అయితే నిండిపోతుంది. నిండినంత ఫైలులో రాసి, రాసే పాయింటర్‌ను మొదటికి తెచ్చి, మళ్లీ పిలవండి.

ఈఇన్‌వాల్ దగ్గర కాస్త నిలబడదాం, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇది తేలిగ్గా కనిపించాలంటే దిశ మార్చి చూడాలి. గుమాస్తాకు జాబితా తిరిగి ఎక్సెల్‌కు ఇవ్వాలి, అంటే యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-16కు. ఖాళీలు లేని వట్టి తెలుగు 4096 బైట్లు చదివారనుకోండి. 4096ను 3తో భాగిస్తే 1365, శేషం 1. అంటే 1365 కోడ్ పాయింట్లు పూర్తిగా వచ్చాయి, ఆపైన ఒక్క 224 మాత్రం ఒంటరిగా మిగిలింది. దాని మిగతా రెండు బైట్లు ఇంకా ఫైల్లోనే ఉన్నాయి. ఐకాన్వ్ ఆ 224ను ముట్టుకోకుండా ఆగి, ‘ఇక్కడ ముక్క తెగి ఉంది’ అంటుంది. దాన్ని పారేస్తే ఒక అక్షరం పోతుంది. దాన్ని తప్పుగా భావించి ఆగిపోతే జాబితా పోతుంది. చేయాల్సింది ఒక్కటే. మిగిలిన బైట్లను మెమ్‌మూవ్‌తో బఫర్ మొదటికి జరిపి, తర్వాతి చదువును వాటి పక్కనుంచి మొదలుపెట్టండి. 4096 బదులు 4095 చదవాలి, ఎందుకంటే ఒక చోటు ఇప్పటికే నిండి ఉంది. ఫైలు అయిపోయాక కూడా ముక్క మిగిలితే, అప్పుడు మాత్రం ఫైలే తెగి వచ్చిందని అర్థం. ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పాలి.

పరీక్షించడానికి నా పద్ధతి చెబుతాను. చదివే బఫర్‌ను ఐదు బైట్లకు తగ్గించండి. 4096తో ఎప్పుడో ఒకసారి వచ్చే తెగిన ముక్క, ఐదుతో మొదటి చదువులోనే వస్తుంది. ‘తిరుపతి’ ఐదు బైట్ల బఫర్‌తో చెక్కుచెదరకుండా బయటికొస్తే మీ లూప్ సరైనదే.

మూడోది ఈఇల్‌సీక్. అసలు ఆ ఎన్‌కోడింగ్‌లో ఉండకూడని బైటు తగిలింది. పాయింటర్ సరిగ్గా ఆ బైటు మీదే నిలబడి ఉంటుంది. అది ఫైల్లో ఎన్నో బైటో లెక్కగట్టి చూపించి ఆపండి. ఓపెన్‌లో ఎందులోకి మార్చాలో ఆ ఎన్‌కోడింగ్ పేరు చివర //ఇగ్నోర్ అని తగిలించి చెడ్డ బైట్లను మింగించే వీలు ఉంది, కానీ మనుషుల పేర్లున్న ఫైలు మీద దాన్ని వాడొద్దు. గుడి పోయి ‘తిరుమలయ్య’ ‘తరుమలయ్య’ అయితే, డబ్బు వేరే మనిషి ఖాతాలో రాసినట్టవుతుంది.

అంతా అయ్యాక చదివే పాయింటర్ బదులు నల్ ఇచ్చి ఒక్కసారి పిలవండి. యూటీఎఫ్-8కు అవసరం పడదు కానీ, జపనీస్ ఐఎస్ఓ-2022-జేపీ లాంటి వాటిలో చివరి బైట్లు అలా పిలిస్తేనే బయటికొస్తాయి. ఆ తర్వాత ఐకాన్వ్_క్లోజ్.

ఇంటిపని: ‘చిత్తూరు 45’ అనే వరసను యూటీఎఫ్-16లో బైట్లుగా ముందు కాగితం మీద రాయండి, తర్వాత ప్రోగ్రామ్‌తో సరిచూడండి. గుర్తుతో కలిపి 24 బైట్లు రావాలి. ఇదే మాటలు ఐదు బైట్ల బఫర్‌తో రెండు దిశల్లోనూ మార్చి, మొదటి ఫైలుతో బైటు బైటూ పోల్చండి.

వచ్చే పాఠానికి పెళ్లిపత్రికలు అచ్చువేసే షాపు నుంచి పాత డీటీపీ ఫాంట్‌తో చేసిన ఫైలు ఒకటి తెచ్చుకోండి. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు, తెలుగు ఆకారం ఫాంట్ తొడిగింది. వాటికి ఐకాన్వ్ దగ్గర పేరు లేదు. పట్టిక మనమే రాసుకోవాలి.