ఫుట్టీ చూడటం నేర్చుకుందాం – 5వ పాఠం: బంతి లోపలికి వెళ్తోంది, గోల్ ఎందుకు పడటం లేదు?

ఫుట్టీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క. 2008 గ్రాండ్ ఫైనల్, అంటే సీజన్‌లో విజేతని తేల్చే చివరి మ్యాచ్, స్కోరు జీలాంగ్ 11.23, హాథార్న్ 18.7. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో అని అడిగాను. చుక్కకు ముందున్నవి గోల్స్, ఒక్కోటి 6 పాయింట్లు. చుక్క తర్వాతవి బిహైండ్లు (ఎక్కువగా పెద్ద గోల్ స్తంభాల పక్కగా పోయినవి), ఒక్కోటి 1 పాయింటు. జీలాంగ్‌కి 66, 23 కలిపి 89. హాథార్న్‌కి 108, 7 కలిపి 115. 26 పాయింట్లతో హాథార్న్ గెలిచింది.

లెక్క సరిపోయినవాళ్లు ఇంకోసారి ఆ అంకెలు చూడండి. జీలాంగ్ 34 సార్లు స్కోరు చేసింది, హాథార్న్ 25 సార్లే. పైగా ఆ ఏడాది ఫైనల్స్‌కి ముందు ఆడిన 22 మ్యాచుల్లో జీలాంగ్ ఓడింది ఒక్కటే. అంత జట్టు, అన్నిసార్లు గోల్ దాకా వెళ్లి, చివరికి ఓడింది. స్టాండ్స్‌లో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: ఫార్వర్డ్స్ సూటిగా తన్నలేకపోయారు.

ఇందులో సగమే నిజం. ఆ 23 బిహైండ్లలో 11 జీలాంగ్ తన్నినవి కావు. హాథార్న్ డిఫెండర్లు బంతిని తామే తమ గీత దాటించేశారు. ఒక పాయింటు పోతుంది, కానీ బంతి వాళ్లకే వస్తుంది, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. 6 పాయింట్ల ప్రమాదాన్ని 1 పాయింటుతో కొనేయడం అన్నమాట. నా మటుకు అది తెలివైన బేరమే. అయితే చూసేవాళ్లకి చిరాకు పుట్టి, 2009 నుంచి నిబంధన మార్చారు. ఒత్తిడి లేనప్పుడు కావాలని అలా దాటిస్తే ఇప్పుడు ఎదుటి జట్టుకి గోల్ ముందరే ఫ్రీ కిక్ ఇస్తారు.

కాబట్టి స్కోరు బోర్డు చూసి ఫార్వర్డ్ లైన్ మీద తీర్పు చెప్పడం కుదరదు. బంతి లోపలికి వెళ్లి గోల్ రాకుండా బయటికి వచ్చినప్పుడు, పని ఎక్కడ చెడిందో కంటితో పట్టుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది.

మైదానం సంగతి మొదటి పాఠంలో చెప్పాను, ఇక్కడ అవసరమైనంతే గుర్తు చేస్తాను. క్రికెట్ కోసం ఎంసీజీకి వెళ్లినవాళ్లకు ఆ అండాకారం తెలిసిందే. ఫుట్టీకి గీసినప్పుడు దాని పొడవు సుమారు 160 మీటర్లు. రెండు చివర్లా గోల్ నుంచి 50 మీటర్ల దూరంలో ఒక వంపు గీత ఉంటుంది. ఆ గీత దాటి బంతి లోపలికి వెళ్తే దాన్ని ‘ఇన్‌సైడ్ 50’ అని లెక్కేస్తారు. 2019 నుంచి మైదానం మధ్యలో ఆట మొదలుపెట్టేటప్పుడు ప్రతి జట్టూ ముందు ఆరుగురిని, మధ్యలో ఆరుగురిని, వెనక ఆరుగురిని నిలబెట్టాలి. బంతి ఆటలోకి వచ్చాక మాత్రం ఎవరు ఎక్కడికైనా పోవచ్చు, ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు. అంటే మీ ముగ్గురు ఫార్వర్డ్స్ నిలబడ్డ చోటికి ఎదుటి జట్టు పది మందిని దింపినా అంపైర్ ఏమీ అనడు.

ఇక అసలు విషయం. బంతి 50 గీత వైపు వెళ్తుంటే కళ్లు దానంతటవే ఫార్వర్డ్ మీదికి పోతాయి. టీవీ కెమెరా కూడా అటే పోతుంది. మీరు మాత్రం తన్నబోయేవాణ్ని చూడండి. అతనికీ, దగ్గర్లో ఉన్న ప్రత్యర్థికీ మధ్య ఎన్ని అడుగులున్నాయి? అతని తల పైకెత్తి ఉందా, బంతి మీదికి వంగి ఉందా? రెండు కాళ్లూ నేల మీద కుదురుగా ఉన్నాయా, లేక పక్కకి ఒరిగిపోతూ తన్నుతున్నాడా?

డ్రాప్ పంట్, అంటే చేతిలోంచి వదిలిన బంతిని నేల తాకకముందే తన్నే మామూలు కిక్, ఎలా ఉంటుందో రెండో పాఠంలో చూశాం. బంతిని చేతిలోంచి బూటు మీదకి దింపే తీరులోనే దాని నాణ్యతంతా ఉంటుంది. వెనక నుంచి ఎవడో మీద పడబోతున్నాడని తెలిసిన ఆటగాడు ఆ దింపడంలో తొందరపడతాడు. బంతి బూటు మీద నిలువుగా పడదు. దాంతో సూటిగా, తక్కువ ఎత్తులో పోవాల్సిన కిక్ గాల్లోకి లేస్తుంది. ఇంకొందరైతే చూసి తన్నే తీరిక లేక కావాలనే పైకి తన్నేస్తారు. గోల్ దగ్గర మనవాడు ఎవడో ఒకడు ఉండకపోడన్న ఆశతో.

పైకి లేచిన బంతితో చిక్కేమిటో చిన్న లెక్క వేసి చూద్దాం. బంతి గాల్లో 3 సెకన్లు ఉందనుకోండి. బాగా పరిగెత్తే డిఫెండర్ ఆ 3 సెకన్లలో 20 మీటర్లు రాగలడు. తన్నినప్పుడు ఫార్వర్డ్ పక్కన ఒక్కడే ఉన్నా, బంతి దిగేసరికి ముగ్గురుంటారు. అక్కడితో అయిపోలేదు. ఫార్వర్డ్ బంతిని గాల్లోంచి శుభ్రంగా పట్టుకుంటేనే అతనికి మార్క్, అంటే ఎవరూ మీద పడకుండా తన్నే హక్కు. డిఫెండర్‌కి పట్టుకోవాల్సిన పనే లేదు, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే చాలు. ఒకడు చేయాల్సింది కష్టమైన పని, ఇంకొకడు చేయాల్సింది తేలికైన పని. పైగా తేలిక పని చేసేవాళ్లే ఎక్కువమంది. అలాంటి బంతిని ఫార్వర్డ్ అందుకోలేదని స్టాండ్స్‌లో తిట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. కబడ్డీలో కార్నర్లు చేతులు కలిపి కాచుకున్న మూలకే రైడర్‌ని తోసి, పాయింటు తేలేదేమని నిలదీసినట్టుంటుంది అది.

మంచి ఎంట్రీ, అంటే బంతిని 50 గీత లోపలికి పంపే మంచి కిక్, ఇంకోలా ఉంటుంది. తన్నేవాడికి ఒకటిన్నర సెకను దొరికితే చాలు, తలెత్తి దగ్గర్లో ఎవరున్నారో చూస్తాడు. ఎదురుగా పరిగెత్తుకొస్తున్న ఫార్వర్డ్‌కి, అంటే లీడ్ చేస్తున్నవాడికి, 30 మీటర్ల కిక్ తక్కువ ఎత్తులో ఇస్తాడు. డిఫెండర్ వెనకే ఉండిపోతాడు. మార్క్ పడితే గోల్‌కి తన్నడానికి 30 సెకన్ల సమయం. ఆ రెండు కిక్‌ల మధ్య తేడా ఫార్వర్డ్ చేతుల్లో లేదు, మిడ్‌ఫీల్డ్‌లో దొరికిన ఆ ఒకటిన్నర సెకనులో ఉంది.

ఇది చూడాలంటే 2017 గ్రాండ్ ఫైనల్ మళ్లీ పెట్టుకోండి. ఆ ఏడాది ఎక్కువ పాయింట్లు కొట్టింది అడిలైడ్, పట్టికలో పైనున్నదీ వాళ్లే. టేలర్ వాకర్, జాష్ జెంకిన్స్, ఎడ్డీ బెట్స్ ఉన్న ఫార్వర్డ్ లైన్. మొదటి క్వార్టర్ అయ్యేసరికి ముందున్నది కూడా వాళ్లే. చివరికి స్కోరు రిచ్మండ్ 16.12, అడిలైడ్ 8.12. అంటే 108కి 60. రిచ్మండ్‌కి 1980 తర్వాత అదే మొదటి ఫ్లాగ్, అంటే టైటిల్.

అంత గొప్ప ఫార్వర్డ్ లైన్ ఒక్క మధ్యాహ్నంలో ఆట మరిచిపోదు కదా. రెండో క్వార్టర్ నుంచి అడిలైడ్ మిడ్‌ఫీల్డర్ల చేతుల్లోకి బంతి వచ్చినప్పుడల్లా రిచ్మండ్ వాళ్లు ఎంత దగ్గర్లో ఉన్నారో చూడండి. బంతి లోపలికి వెళ్తూనే ఉంది, కానీ తొందరలో తన్నిన కిక్‌లతో. అవతల అలెక్స్ రాన్స్, డిలన్ గ్రైమ్స్, డేవిడ్ ఆస్ట్‌బరీ లాంటి డిఫెండర్లకి అలాంటి బంతులు కావాల్సినవే. వాకర్‌నో జెంకిన్స్‌నో వేలెత్తి చూపే ముందు వాళ్లకి అందిన బంతులు చూడాలి.

అదే మ్యాచ్‌లో రెండో చివర కూడా చూడండి, అక్కడ ఇంకో పాఠం ఉంది. రిచ్మండ్‌కి పొడుగాటి ఫార్వర్డ్ దాదాపు ఒక్కడే, జాక్ రీవోల్ట్. చుట్టూ డేనియల్ రియోలీ, డాన్ బట్లర్, జేసన్ కాస్టాన్యా లాంటి పొట్టివాళ్లు, వేగం గలవాళ్లు. వాళ్లకీ ఎత్తు బంతులే వచ్చేవి చాలాసార్లు. కానీ రీవోల్ట్ పని వాటిని పట్టుకోవడం కంటే ఎదుటివాడు పట్టుకోకుండా చూడటం. బంతి నేల మీద పడితే చాలు, మిగతావాళ్లు కిందపడి ఏరుకుంటారు. లేదా డిఫెండర్‌ని పట్టేసి అక్కడే ఆపేస్తారు. పట్టుబడ్డవాడు బంతిని సరిగ్గా వదిలించుకోకపోతే ‘హోల్డింగ్ ద బాల్’, గోల్ ముందే ఫ్రీ కిక్. డామియన్ హార్డ్విక్ కోచింగ్‌లో ఆ జట్టు ఒత్తిడిని తట్టుకోవడమే కాదు, ఫార్వర్డ్స్‌తోనే ఒత్తిడి పెట్టించడం నేర్చుకుంది. ఇలాంటి ఫార్వర్డ్ లైన్‌కి సగటు కిక్ వచ్చినా పని జరుగుతుంది.

అందుకే తన్నేవాణ్ని చూశాక రెండో చూపు నేల మీద ఉండాలి. బంతి పడిన చోట మీ జట్టువాళ్లు ఎంతమంది? అందరూ ఒకే చోట ఎగిరి ఒకరి మీద ఒకరు పడ్డారా? ముగ్గురు ఫార్వర్డ్స్ ఒకే బంతికి ఎగిరితే ఏరుకోవడానికి కింద ఎవరూ మిగలరు. ముగ్గురితో పాటు ముగ్గురు డిఫెండర్లనీ ఆ చోటికి లాక్కొచ్చినవాళ్లవుతారు కూడా. ఒత్తిడిలో ఉన్న ఫార్వర్డ్ లైన్‌కి ఇది మామూలు జబ్బు. బంతులు తక్కువ వస్తుంటే ప్రతివాడూ వచ్చిన ప్రతి బంతికీ పోతాడు. మిడ్‌ఫీల్డ్‌ని కాసేపు పక్కన పెట్టి ఫార్వర్డ్స్‌నే తప్పుపట్టాల్సిన సందర్భం ఇదే.

ఒక ఎంట్రీ చెడితే ఏమవుతుందో 2018 గ్రాండ్ ఫైనల్ చివరి నిమిషాలు చెబుతాయి. వెస్ట్ కోస్ట్, కాలింగ్‌వుడ్. కాలింగ్‌వుడ్ దాడి చేస్తోంది, వెస్ట్ కోస్ట్ డిఫెండర్ జెరెమీ మెక్‌గవర్న్ తన గోల్ వైపు వచ్చిన బంతిని గాల్లోనే అందుకున్నాడు. అక్కణ్నుంచి నేథన్ వార్డీకి, అతన్నుంచి లియమ్ రయన్‌కి, రయన్ నుంచి డామ్ షీడ్‌కి. ప్రతి ఒక్కటీ మార్క్. షీడ్ సరిహద్దు గీత పక్క నుంచి, కష్టమైన కోణంలోంచి గోల్ కొట్టాడు. వెస్ట్ కోస్ట్ 79-74తో గెలిచింది. ముందుకు తోసిన జట్టు వెనక మైదానం ఖాళీగా ఉంటుంది కాబట్టే, ఒక చెడ్డ ఎంట్రీ ఖరీదు అటువైపు గోల్‌గా పడుతుంది.

కోణం మాట వచ్చింది కాబట్టి అదీ ముగిద్దాం. పెద్ద గోల్ స్తంభాల మధ్య దూరం 6.4 మీటర్లు. ఎదురుగా నిలబడితే మొత్తం కనిపిస్తుంది. గోల్ గీతకి 45 డిగ్రీల కోణంలో నిలబడితే కంటికి ఆనేది సుమారు 4.5 మీటర్లు. 20 డిగ్రీలకి వస్తే 2.2 మీటర్లు. మంచి డిఫెండర్ ఫార్వర్డ్‌ని ఆపలేనప్పుడు పక్కకైనా నెడతాడు. మార్క్ ఇచ్చినా పక్క మూలలో ఇస్తాడు. ‘మార్కులు పడుతున్నాయి, గోల్స్ పడటం లేదు’ అనిపించిన రోజు, ఆ మార్కులు ఎక్కడ పడుతున్నాయో చూడండి.

ఇప్పుడు ఇంటిపని. ఒక పాత మ్యాచ్‌లో ఒక్క క్వార్టర్, ఒక్క జట్టు. నోట్‌బుక్‌లో ప్రతి ఇన్‌సైడ్ 50కీ మూడు గుర్తులు రాయండి. తన్నేవాడు ఖాళీగా ఉంటే ‘ఖా’, ఒత్తిడిలో ఉంటే ‘ఒ’. బంతి పైకి లేస్తే ‘పై’, సూటిగా పోతే ‘సూ’. ఫలితం గోల్ అయితే ‘గో’, బిహైండ్ అయితే ‘బి’, బంతి బయటికి పోతే ‘పో’. ఉదాహరణకు ‘ఒ–పై–పో’. సందేహం వస్తే ‘ఒ’ రాసేయండి, మొదట్లో అందరూ తన్నేవాడికి లేని తీరికని ఉందనుకుంటారు.

క్వార్టర్ అయ్యాక పేజీ మొత్తం చూడండి. ‘ఒ–పై–పో’లే నిండి ఉంటే జబ్బు మిడ్‌ఫీల్డ్‌లో ఉంది, ఫార్వర్డ్స్‌ని మార్చినా లాభం లేదు. ‘ఖా–పై–పో’ ఎక్కువుంటే అది విచిత్రమైన సంగతి: తన్నేవాడికి తీరిక ఉంది, అయినా పైకి తన్నాడు. అప్పుడు వెనక్కి తిప్పి, ఆ క్షణంలో ఫార్వర్డ్స్ లీడ్ చేస్తున్నారా, నిలబడి చేతులెత్తి అడుగుతున్నారా చూడండి. ‘సూ’ తర్వాత ‘బి’లు వరసగా ఉంటేనే తన్నడం రాలేదన్న మాట నిలుస్తుంది.

టీవీలో ఈ పని కొంత కష్టం, లీడ్‌లు కెమెరాకి అందవు. వీలైతే గోల్ వెనక నుంచి చూపించే రీప్లేలు పట్టుకోండి. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువాళ్లయితే ఒక్కసారి మైదానానికే వెళ్లి గోల్ వెనక పై వరసలో కూర్చోండి. గ్రాండ్ ఫైనల్ ముందు శుక్రవారం విక్టోరియాలో సెలవని తెలిసి ఆట సంగతి తెలియనివాళ్లు మనలో చాలామందే ఉన్నారు, వాళ్లని కూడా తీసుకెళ్లండి. మొదటిసారికి వాన పడే రోజు మాత్రం వద్దు. తడి బంతితో అందరి కిక్కులూ ‘ఒ–పై’ లాగే కనిపిస్తాయి.

ఆరో పాఠంలో అవతలి పక్కకి వెళ్దాం. 2008లో కోచ్ అలిస్టర్ క్లార్క్‌సన్ హాథార్న్‌తో ఆడించిన జోన్ డిఫెన్స్, దానిలో మనిషిని వదిలేసి చోటుని కాయడం. అంతవరకు ఒక ప్రశ్న: షీడ్ గోల్‌కి ముందు మెక్‌గవర్న్ ఆ బంతిని అందుకున్నప్పుడు, తన్నిన కాలింగ్‌వుడ్ ఆటగాడి పక్కన మీరైతే ‘ఖా’ రాస్తారా, ‘ఒ’ రాస్తారా? వీడియో చూసి రాసి ఉంచండి.