దారి పక్క అడవి – నాలుగో పాఠం: గట్టు చదవడం

పోయిన పాఠంలో బండి వేగం తగ్గించి, చూపును తారురోడ్డు మీద నుంచి చెరువు గట్టు మీదికి మళ్ళించడం సాధన చేశాం. ఈసారి దారి కూడా నేనే చెబుతాను. యానాం నుంచి ఉత్తరంగా తాళ్ళరేవు, కోరంగి, చొల్లంగి మీదుగా కాకినాడ పోయే 216వ నంబరు జాతీయ రహదారి. కోరంగి మడ అడవులకు 1978లో అభయారణ్యం హోదా వచ్చింది. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. ఆ హద్దు మనం కాగితం మీద గీసుకున్నదే. బావురుపిల్లికి (నీళ్ళలో చేపలు పట్టే పిల్లి, ఫిషింగ్ క్యాట్), నీటికుక్కకు (ఆటర్), నక్కకు హద్దు బయటున్న పంటకాలువలూ రొయ్యల చెరువులూ కూడా ఇల్లే. అందుకే రోడ్డు మీద పోయేవాళ్ళకూ ఇవి కనబడే అవకాశం ఉంది.

ముందు వెలుతురు సంగతి. కాకినాడ వైపు పోతుంటే మడ అడవి మీకు కుడిచేతి వైపు, అంటే తూర్పున ఉంటుంది. పొద్దున్నే బయల్దేరితే సూర్యుడు సరిగ్గా అటునుంచే కళ్ళలో కొడతాడు. మడచెట్లన్నీ నల్లటి గోడలా కనిపిస్తాయి. పైగా కుడివైపు కూర్చునేది బండి నడిపేవారు, వాళ్ళు రోడ్డే చూడాలి. సాయంత్రం కాకినాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అంతా మారిపోతుంది. అడవి ఎడమ కిటికీలోకి వస్తుంది, ఎండ మీ వెనక నుంచి దానిమీద పడుతుంది. కాబట్టి పోయేటప్పుడు పనులు చూసుకోండి, వచ్చేటప్పుడు అడవి చూడండి.

తర్వాత నీరు. సముద్రం పాటు తీసినప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, కాలవల అంచున బురద బయటపడుతుంది. కొంగలు దిగేది, నీటికుక్కలు వేటాడేది, అడుగులు పడేది అక్కడే. పోటు పాటుల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఐదింటికి నీరు తీస్తే రేపు ఆరింటికి కాస్త ముందు తీస్తుంది. యానాంలో పడవ వాళ్ళనడిగితే ఆ రోజు లెక్క నోటికి చెబుతారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ పాటూ రెండూ పెద్దవి. బురద ఎక్కువ బయటపడేది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు అసలు పాఠం. హైవే మీద బండి ఆపొద్దు. చెరువుల దారిలోకి దిగి, కాపలా ఉన్నాయన అనుమతి అడిగి గట్టెక్కండి. "బావురుపిల్లిని చూశారా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. "బాబాయ్, రాత్రి చెరువు దగ్గరికి ఏమైనా వచ్చిందా?" అని అడిగి చూడండి. "ఆయ్, తూము దగ్గర అడుగులున్నాయండి" అని ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాడు.

తూము దగ్గర తడిబురద ముందు గొంతుక్కూర్చోండి. నిలబడి చూస్తే అడుగు కనిపిస్తుంది గానీ అర్థం కాదు. ముందు వేళ్ళు లెక్కపెట్టండి. ఐదు వేళ్ళు, మధ్యలో పొర గుర్తు, వెనక తోక ఈడ్చిన గీత ఉంటే నీటికుక్క. దాని పెంటలో చేప పొలుసులు, పీత చిప్పల ముక్కలు ఉంటాయి, నీచువాసన వేస్తుంది. నాలుగు వేళ్ళయితే ఇంకాస్త నిదానంగా చూడాలి. పిల్లి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, గోటి గుర్తు పడదు అని అందరికీ తెలిసిన మాట. బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు. మెత్తటి బురదలో వాటి మొనలు ఒక్కోసారి పడతాయి. గోరు చూసి కుక్క అనుకుని కొత్తవాళ్ళు దాటిపోయేది ఇక్కడే. అందుకని గోటిని వదిలేసి అరికాలి దిమ్మ, అంటే వేళ్ళ వెనక పడే పెద్ద మెత్త గుర్తు, వెనక అంచు చూడండి. పిల్లిజాతికి అక్కడ మూడు వంపులుంటాయి. వేళ్ళలో ఒకటి మిగతావాటికంటే ముందుకు ఉంటుంది. కుక్కకైతే మధ్యవేళ్ళు రెండూ సమానంగా పడతాయి. నక్క అడుగు కుక్కదానికన్నా సన్నం. దాని మధ్యవేళ్ళ దిమ్మలు అడుగున కలిసిపోయి ఉంటాయి.

అడుగు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. పక్కనుంచి తీసిన ఫొటోలో కొలత తప్పుతుంది.

జంతువునే చూడాలంటే పిల్లి ఆకారం కోసం వెతకొద్దు. మడచెట్టు శ్వాసవేర్లు బురదలోంచి నిలువుగా పొడుచుకొచ్చి ఉంటాయి. అన్నీ నిలువు గీతలే. వాటి మధ్య అడ్డంగా ఏదైనా ఉందా అని చూడండి. నీటి అంచున పొంచి కూర్చున్న బావురుపిల్లి వీపు అలాగే దొరుకుతుంది. అది చాలాసేపు కదలదు, మీరూ కదలకండి. బూడిదరంగు ఒంటిమీద వరసలుగా మచ్చలు, పొట్టి తోక, గుండ్రటి చిన్న చెవులు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. మచ్చల్లేకుండా కాళ్ళు పొడుగ్గా, చెవులు నిక్కబొడుచుకుని ఉంటే అడవిపిల్లి.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. బావురుపిల్లి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చూసిన చెరువు పేరు, ఊరి పేరు ఫొటోతో పాటు ఎక్కడా పెట్టకండి. చేపలు పోతున్నాయని కోపంగా ఉన్నవాళ్ళకు ఆ ఒక్క వివరం చాలు, ఉచ్చు బిగించడానికి.

ఈ వారం అభ్యాసం: ఒకే తూము దగ్గరికి పాటు వేళ రెండుసార్లు వెళ్ళండి. కనిపించిన ప్రతి అడుగుకూ వేళ్ళ లెక్క, అరికాలి దిమ్మ బొమ్మ, నీరు తీసిన వేళ నోట్‌బుక్‌లో రాయండి. పేరు తేలకపోతే ఖాళీ వదిలేయండి, ఊహించి రాయొద్దు. వచ్చే పాఠం రాత్రిపూట టార్చి వెలుగులో కళ్ళ మెరుపును బట్టి పోల్చడం గురించి. దానికి తలకు కట్టుకునే టార్చి ఒకటి కావాలి, వెలుగు తగ్గించుకునే వీలున్నది తీసుకోండి.